సంతకము చేసిన ఖాళీ కాగితము: అమెరికా బీమా ఏజెన్సీల పూర్వకథ

పందొమ్మిదవ శతాబ్దపు నడుమ, అమెరికా దేశమందలి ఏ చిన్న పట్టణమునకు పోయినను, అచ్చటి న్యాయవాదియో, బ్యాంకు గుమాస్తాయో, ధాన్యపు వర్తకుడో అయిన ఒక పెద్దమనిషి మేజా సొరుగులో ఒక కాగితముల కట్ట కనబడెడిది. ఆ కాగితములు హార్ట్‌ఫర్డులోనో, ఫిలడెల్ఫియాలోనో, న్యూయార్కులోనో అచ్చుపడి, కంపెనీ అధ్యక్షుని సంతకమును, కార్యదర్శి సంతకమును ముందుగానే ధరించి, వందల మైళ్ళు ప్రయాణము చేసి వచ్చినవి. వానియందు పూరింపవలసిన ఖాళీలు నాలుగైదు మాత్రమే: ఇంటి యజమాని పేరు, ఇంటి గుర్తులు, బీమా మొత్తము, ప్రీమియము, గడువు. ఆ పెద్దమనిషి కలము తీసి ఆ ఖాళీలను నింపి, అడుగున తన తోడు సంతకము చేసిన మరుక్షణమే, తానెన్నడును చూడని ఇంటికి, తానెన్నడును ఎరుగని మనుష్యునికి, ఆ దూరపు కంపెనీ పూచీపడినట్లు. మరునాటి రాత్రి ఆ యిల్లు కాలిపోయినచో, ఆ మొత్తము చెల్లింపక తప్పదు.

అట్టి కాగితములను పరాయి యూరివాని చేతిలో పెట్టుట యనగా, బొక్కసపు తాళపుచెవిని పొరుగూరివానికి ఇచ్చుట వంటిది. ఆ తాళపుచెవి ఇచ్చుటకే ఆ వృత్తిలోనివారు నియామకమని పేరు పెట్టిరి. అది ఎవరికి దొరికెను, ఎట్లు దొరికెను, దొరికిన తరువాత దానివలన కలిగిన హక్కులు ఎవరివి అను ప్రశ్నలే అమెరికా బీమా వృత్తి చరిత్రలో సగము. ఈ కథను నేను శ్రద్ధతో చదువుటకు కారణమొకటి కలదు. మనవైపు బీమా ఏజెంటు అనగానే ఒకే సంస్థకు కట్టుబడిన మనిషి మనస్సునకు వచ్చును. అచ్చట స్వతంత్ర ఏజెన్సీ యనునది వేరొక జీవి. దానికి అయిదారు కంపెనీలనుండి, ఒక్కొక్కప్పుడు పది పదిహేను కంపెనీలనుండి నియామకములుండును. వచ్చిన ఖాతాదారునికి ఏ కంపెనీ పాలసీ తగునో ఏజెంటే యెన్నుకొనును. ఖాతాదారుడు కంపెనీవాడు గాక ఏజెన్సీవాడుగా ఎంచబడును. ఇంతటి స్వాతంత్ర్యము దానమువలన వచ్చినది కాదు. కొంత అగ్నిప్రమాదములవలన, కొంత న్యాయస్థానములవలన, కొంత ఏజెంట్ల కూటములవలన, నూరేండ్లకు పైగా కూడబెట్టుకొన్న హక్కు అది.

మొదట ఏజెంటే లేడు. 1752లో బెంజమిన్ ఫ్రాంక్లిను మొదలగువారు ఫిలడెల్ఫియాలో స్థాపించిన అగ్నిబీమా సంఘము, ఇండ్ల యజమానులు తమలో తాము పూచీపడుటకు చేసికొన్న పరస్పర సహాయ సంఘము. బీమా కోరిన యింటిని సర్వేయరు స్వయముగా పోయి చూచెడివాడు. గోడలు ఇటుకవా, పొయ్యి యెచ్చట, పొరుగున రొట్టెల బట్టీ యున్నదా యని పరీక్షించి వ్రాసి తెచ్చెడివాడు. దానిపై డైరెక్టర్లు కూర్చుండి ధర నిర్ణయించెడివారు. ఒప్పుకొన్న యింటి గోడకు, కొయ్య పలకపై నాలుగు సీసపు చేతులు ఒకదాని మణికట్టు నొకటి పట్టుకొనియున్న గుర్తును దిగగొట్టెడివారు. ఇంటి ముందు చెట్లున్నచో మంటలార్పుటకు అడ్డమగునని ఆ సంఘము కొంతకాలమునకు అట్టి యిండ్లను నిరాకరింపగా, చెట్లను ప్రేమించు యజమానులు విడిపోయి 1784లో వేరొక సంఘము పెట్టుకొని, పచ్చని చెట్టునే తమ గుర్తుగా గోడలకు తగిలించుకొనిరి. ఊరంతయు కాలినడకను చుట్టి రాదగినంత చిన్నదై, యజమాని ముఖము డైరెక్టరునకు తెలిసియున్న కాలమున నడుమ నింకొక మనిషి యెందులకు?

ఊరు దాటి వ్యాపారము పోవలసివచ్చినప్పుడే ఆ నడిమి మనిషి అవసరమయ్యెను. 1792లో ఫిలడెల్ఫియాలోనే పుట్టిన ఇన్సూరెన్సు కంపెనీ ఆఫ్ నార్త్ అమెరికా మొదట ఓడలను, సరకులను బీమా చేసి, పిదప అగ్నిబీమాకు దిగినది. ఆ కాలమున అపలాచియను కొండలు దాటి జనులు పడమటికి తరలుచు, క్రొత్త పట్టణములు కట్టుకొనుచుండిరి. వారికి ఇండ్లు కలవు, దుకాణములు కలవు, కాలిపోవునను భయము కలదు. కాని బీమా కంపెనీ లేదు. 1807లో ఆ కంపెనీ డైరెక్టర్లలో నొకడు, దూర పట్టణములలో నమ్మకమైన మనుష్యులను ఏజెంట్లుగా నియమించినచో ఈ వ్యాపారము మనకు వచ్చునని సూచింపగా, తక్కినవారు అంగీకరించిరి. కెంటకీలోని లెక్సింగ్టను మొదలగు చోట్ల అట్లు నియామకములు జరిగెను. ఆ డైరెక్టర్లకు తమ నిర్ణయముచే ఒక వృత్తి పుట్టుచున్నదని తోచియుండదు. పరాయి యూరినుండి వచ్చు ప్రీమియమునకై వారు చేసిన ఏర్పాటది. కాని పూచీపడు అధికారమును కార్యాలయపు గోడలు దాటించిన తొలి అడుగదియే.

కనెక్టికట్ రాష్ట్రములోని హార్ట్‌ఫర్డు పట్టణము ఆ అడుగును రాజమార్గముగా మార్చినది. అది పెద్ద రేవు కాదు, మహానగరమని చెప్పుకొనుటకు తగినంత జనసంఖ్యయు లేదు. అచ్చట 1810లో హార్ట్‌ఫర్డు ఫైర్ ఇన్సూరెన్సు కంపెనీ, 1819లో ఏట్నా కంపెనీ పుట్టినవి. చిన్న యూరిలో పుట్టిన కంపెనీకి తన యూరి యిండ్లతోనే కడుపు నిండదు గనుక, అవి ఆదినుండియు పొరుగు రాష్ట్రములవైపు చూచి, ఏజెంట్లను వెదకి నియమించుటయే తమ పద్ధతిగా పెట్టుకొన్నవి. న్యూయార్కు వంటి పెద్ద నగరముల కంపెనీలు మాత్రము ఈ పరదేశులను సహింపలేదు. రాష్ట్ర శాసనసభలు వారి పక్షము వహించి, అన్యరాష్ట్రపు కంపెనీల ఏజెంట్లు వసూలుచేయు ప్రీమియములపై నూటికి పది వంతున పన్ను వేసి, వారిని ఊరి పొలిమేరలోనే ఆపజూచినవి. అప్పటివరకు అచ్చటివారికి తమ సొమ్ము తమ యూరిలోనే ఉండుట క్షేమమని తోచినది.

ఆ తలంపు 1835 డిసెంబరు 16వ తేది రాత్రి బూడిదయైనది. న్యూయార్కు వర్తక వాడలో ఒక గిడ్డంగియందు రగిలిన నిప్పు, చలిగాలి తోడు కాగా, తెల్లవారునప్పటికి అయిదు వందలకు మించిన కట్టడములను మ్రింగినది. అంతటి చలిలో నది గడ్డకట్టియుండగా, మంచును పగులగొట్టి తీసిన నీరు గొట్టములలోనే మరల గడ్డకట్టిపోయెను. నగరమందలి 26 అగ్నిబీమా కంపెనీలలో 23 దివాలా తీసినవి. కారణము సులభముగనే గ్రహింపవచ్చును: ఆ కంపెనీల పాలసీలన్నియు ఆ వీధులలోని యిండ్లకే, ఆ కంపెనీల వాటాలు ఆ యింటి యజమానులవే, కాలిన యిల్లును, చెల్లింపవలసిన చేయియు ఒక్కటే యయ్యెను. హార్ట్‌ఫర్డు కంపెనీ తన చరిత్రలో గర్వముగా చెప్పుకొను ముచ్చట ఈ సమయమునకు చెందినదే: ఆ కంపెనీ అధ్యక్షుడు ఎలిఫలెట్ టెర్రీ, మంచుమీద నడచు బండి నెక్కి న్యూయార్కుకు వచ్చి, తన పాలసీదారులకు రావలసిన దంతయు చెల్లించెనట. దూరమున నున్న కంపెనీయే ఆపదలో నిలుచునని ఆ శీతకాలమున న్యూయార్కు వర్తకులు చేతి నొప్పితో నేర్చుకొనిరి. కొలది కాలములోనే పది వంతుల పన్ను రెండు వంతులకు దిగినది. ఏజెంటునకు తలుపులు తెరచుకొనినవి.

ఇచ్చట ఒక సూక్ష్మమును నిలిచి చూడవలెను. ఒక ఏజెంటునకు పలు కంపెనీల నియామకములు ఎందులకు కావలసివచ్చెనో, ఏ ఒక్క కంపెనీయు ఆతనిని తనకే కట్టివేసికొనుటకు ఎందులకు సాధ్యపడలేదో, ఆ అగ్నిలోనే స్పష్టపడినది. వీధి కాలిపోయినచో తామును కాలిపోవుదుమని తెలిసికొన్న కంపెనీలు, ఒక కట్టడముపై ఇంతకు మించియు, ఒక వీధి ఖండముపై ఇంతకు మించియు పూచీపడరాదని హద్దులు గీసికొన్నవి. అందుచేత ఏబది వేల డాలర్ల సరకున్న గిడ్డంగికి బీమా కావలసివచ్చిన వర్తకుడు వచ్చినచో, ఒక కంపెనీ అయిదు వేలకంటె ఎక్కువకు ఒప్పుకొనదు. తక్కిన నలుబది అయిదు వేలకు ఇంకను తొమ్మిది కంపెనీల పాలసీలు వ్రాయవలెను. ఆ వర్తకుడు పది గడపలు తిరుగునా? ఒకే ఏజెంటు పది కంపెనీల కాగితములు సొరుగులో పెట్టుకొనియుండినచో ఆతని పని తీరును, కంపెనీల హద్దులును నిలుచును. కంపెనీలు తమ క్షేమమునకై గీసికొన్న గీతయే ఏజెంటును స్వతంత్రుని జేసినది. ఈ విషయమును అమెరికా వారే తరచు మరచి, స్వతంత్ర ఏజెన్సీని కేవలము తమ స్వేచ్ఛాభిమానపు ఫలముగా చెప్పుకొందురు. నాకు అది యంత యథార్థముగా తోచదు.

ఇక నియామకము దొరకు తీరు. అంతర్యుద్ధమునకు ముందును, వెనుకను, కంపెనీలు తమ తరపున దేశాటనము చేయుటకు ప్రత్యేక ఏజెంట్లను పంపెడివి. ఆ మనిషి రైలు దిగి, పట్టణపు హోటలులో సంచి పడవేసి, ముందుగా బ్యాంకునకు పోయి, ఈ యూరిలో మాట నిలుపుకొనువాడెవడు, లెక్క సరిగా వ్రాయువాడెవడు అని విచారించెడివాడు. పిదప న్యాయస్థానపు గుమాస్తాను, తపాలా అధికారిని, ఇద్దరు ముగ్గురు వర్తకులను అడిగెడివాడు. ఆ విచారణలో వాక్చాతుర్యమునకు పెద్ద విలువలేదు. ఊరిలోని ప్రతి యింటి చరిత్రయు తెలిసి, అప్పులలో మునిగిన యజమాని తన దుకాణమునకు విలువకు మించి బీమా కోరినప్పుడు, వలదని చెప్పగల ధైర్యము గలవాడు ఆతనికి కావలెను. వసూలైన ప్రీమియము కంపెనీ సొమ్మని, తన జేబులో నది అప్పగింతగా మాత్రమే యున్నదని ఎరిగినవాడు కావలెను. అందులకై పూచీకత్తు కూడ వ్రాయించుకొనెడివారు. తరువాత సూచనల పుస్తకము చేతికిచ్చి, ఏయే వస్తువులకు బీమా వ్రాయరాదో, ఏయే మొత్తములు దాటరాదో చెప్పి, ఖాళీ పాలసీల కట్ట నప్పగించి, రైలెక్కి పోయెడివాడు. ఆనాటినుండి ఏజెంటు పాలసీ వ్రాసినప్పుడెల్ల దాని సారమును కంపెనీకి నివేదికగా తపాలాలో పంపవలెను. ఆ నివేదిక చేరునప్పటికి పూచీ పడిపోయియే యుండును. కంపెనీకి నచ్చనిచో రద్దుచేయుమని వ్రాయవచ్చును గాని, అంతలో ఇల్లు కాలినచో చేయునది లేదు.

ఆ గుడ్డి నమ్మకమునకు కొంత చూపు నిచ్చిన వస్తువొకటి కలదు. 1866లో ఏట్నా కంపెనీ కోరికపై టెనెసీ పట్టణములకు పటములు గీసిన సాన్‌బార్న్ అను సర్వేయరు, మరుసటి యేట తానే ఒక సంస్థ పెట్టి, అమెరికా పట్టణములన్నిటికిని అగ్నిబీమా పటములు గీయింప మొదలిడెను. అట్టి పటపు పుటను దగ్గరగా చూచినచో కన్నులకు పండుగగా నుండును. ఏబది అడుగుల నేలను అంగుళములోనికి కుదించి, ఇటుక కట్టడమునకు గులాబి వన్నె, కొయ్య కట్టడమునకు పసుపు వన్నె, రాతి కట్టడమునకు నీలి వన్నె వేసి, అంతస్తులెన్నియో, కప్పు దేనితో వేసిరో, కిటికీలెటువైపో, నీటి గొట్టమెంత దూరమో చిన్న చిన్న గుర్తులతో వ్రాసిరి. ఊరు మారినప్పుడు సంస్థ సవరణ చీటీలు పంపెడిది. ఏజెంటు వాని నంటించుకొనెడివాడు. ఒకే చోట పలుమారు అంటించిన చీటీలతో కొన్ని పుటలు అట్టవలె దళసరియైనవి. హార్ట్‌ఫర్డులోని గుమాస్తాయు, ఆయోవాలోని ఏజెంటును ఒకే పుటను విప్పుకొని, ఫలాని వీధిలో మూడవ పసుపు గడిని గూర్చి ఉత్తరములు నడుపుకొనెడివారు. నియామకము పొందిన ఏజెంటు మేజాపై ఈ పటముల సంపుటమును, సొరుగులో పాలసీల కట్టయు ఉండెడివి. ఆతని వృత్తికి పరికరములు ఈ రెండే.

కంపెనీ నియమించినంత మాత్రమున చాలునా, రాష్ట్రమును అంగీకరింపవలెనా అను వివాదము ఒక ఏజెంటు మూలముననే దేశపు అత్యున్నత న్యాయస్థానమునకు ఎక్కినది. అంతర్యుద్ధము ముగిసిన మరుసటి యేడు, 1866లో, వర్జీనియా రాష్ట్రము ఒక శాసనము చేసి, అన్యరాష్ట్రపు బీమా కంపెనీలు తమ మూలధనమును బట్టి ముప్పది వేల డాలర్లనుండి ఏబది వేల డాలర్ల వరకు బాండ్లను రాష్ట్ర కోశాధికారి వద్ద డిపాజిటు చేసిననే గాని లైసెన్సు ఇయ్యమని విధించినది. పీటర్స్‌బర్గులో శామ్యూల్ పాల్ అను ఏజెంటునకు న్యూయార్కు కంపెనీలు కొన్ని నియామకము నిచ్చియుండెను. ఆతడు లైసెన్సునకు దరఖాస్తు పెట్టుకొనెను, బాండ్లు మాత్రము డిపాజిటు కాలేదు, లైసెన్సు నిరాకరింపబడెను. అయినను ఆతడు పాలసీ వ్రాసెను. ఏబది డాలర్ల జుల్మానా పడినది. ఆ ఏబది డాలర్ల వెనుక కంపెనీలన్నియు నిలిచి, పూర్వము ఆ అత్యున్నత న్యాయస్థానముననే న్యాయమూర్తిగా నుండిన బెంజమిన్ కర్టిస్‌ను వకాల్తాకు పెట్టుకొని, బీమా యనునది రాష్ట్రముల నడుమ జరుగు వాణిజ్యము గనుక రాష్ట్రములకు అడ్డగించు అధికారము లేదని వాదించిరి. 1869లో తీర్పు వచ్చినది: బీమా పాలసీ సరకు కాదు, అది ఒక స్థానిక ఒప్పందము మాత్రమే, రాష్ట్రము తనకు తోచిన నియమములు పెట్టవచ్చును. పాల్ ఓడిపోయెను. ఆ ఓటమి ఫలితమే నేటికిని అమెరికాలో ఏజెంటు లైసెన్సు రాష్ట్రమునకొక్కటిగా నుండుట; నియామకమును రాష్ట్రమునకు రాష్ట్రమునకు వేరుగా నమోదు చేయవలసివచ్చుట.

తీర్పు వచ్చి రెండేండ్లు గడచునంతలో, 1871 అక్టోబరులో చికాగో మహానగరము కాలిపోయినది. పదునేడు వేలకు పైబడిన కట్టడములు పోయినవి; లక్షమంది నిలువ నీడ లేనివారైరి; అరువదికి మించిన బీమా కంపెనీలు దివాలా తీసినవి. ఆనాడు చికాగో ఏజెంట్ల స్థితి తలచుకొన్నచో హృదయము కరగును. వారి కార్యాలయములు, పటములు, రిజిస్టర్లు సర్వము బూడిద. వీధిలో గుమిగూడిన ఖాతాదారులకు హార్ట్‌ఫర్డు ముఖము తెలియదు, లండను ముఖము తెలియదు. తెలిసిన ముఖము ఏజెంటుది. దివాలా తీసిన కంపెనీ పాలసీ వ్రాసిచ్చిన ఏజెంటు, తాను తప్పుచేయకపోయినను, తలవంచుకొనవలసివచ్చినది. ఈ దుఃఖానుభవమువలన నియామకము అర్థమే మారినది. అంతవరకు కంపెనీ ఏజెంటును పరీక్షించెడిది. ఇకమీద ఏజెంటును కంపెనీని పరీక్షింప మొదలిడెను: దాని మిగులు ధనమెంత, ఒకే నగరములో ఎంత పూచీ పడియున్నది, చికాగోలో ఎంత చెల్లించినది? కాగితముల కట్ట తెచ్చిన ప్రత్యేక ఏజెంటునకు, మాకు వలదని చెప్పి త్రిప్పి పంపగల ఏజెంటు అప్పుడే పుట్టెను.

అయినను కంపెనీల చేయి పైదిగానే యుండెను. ఏజెంట్లను బాధించిన సంగతులలో ముఖ్యమైనది, వారి తలపైగా వ్యాపారము వ్రాయుట. ఏజెంటు ఏండ్ల తరబడి కాపాడుకొన్న మిల్లు యజమానితో కంపెనీ నగర కార్యాలయము నేరుగా బేరమాడి, ఏజెంటునకు కమిషను లేకుండ పాలసీ నిచ్చెడిది. ఒకే చిన్న యూరిలో ఒకే కంపెనీ ఇద్దరు ముగ్గురు ఏజెంట్లను నియమించి, వారిలో వారికి పోటీ పెట్టెడిది. వీనిని సహింపలేక 1896లో దేశపు నలుమూలలనుండి స్థానిక అగ్నిబీమా ఏజెంట్లు చికాగోలో సమావేశమై జాతీయ సంఘమును స్థాపించుకొనిరి. పాతికేండ్ల క్రిందట బూడిదయైన నగరమే వారికి సమావేశ స్థలమగుట నా మనస్సునకు సముచితముగా తోచును.

ఆ సంఘపు కోర్కెలన్నిటికిని ప్రాణమైన ప్రశ్న ఒక్కటే: గడువుల పుస్తకము ఎవరిది? ప్రతి పాలసీకి గడువు ముగియు తేది యుండును. ఆ తేది ఎరిగినవాడే ముందుగా పోయి దానిని తిరిగి వ్రాయించుకొనగలడు. ఏజెంటు రిజిస్టరులో వరుసగా వ్రాసికొన్న ఆ పేర్లు, తేదులు, మొత్తములు చూచుటకు మామూలు పద్దులే. కాని ఆతని జీవిత కష్టమంతయు వానిలోనే ఘనీభవించియుండును. నియామకము రద్దయిన దినమున ఆ పుస్తకము కంపెనీకి పోవునా, ఏజెంటుతో నిలుచునా? న్యూయార్కు రాష్ట్రమున నేషనల్ ఫైర్ ఇన్సూరెన్సు కంపెనీకిని, సల్లార్డ్ అను ఏజెంటునకును నడిచిన వ్యాజ్యములో 1904లో న్యాయస్థానము ఏజెంటు పక్షముగా తీర్పు చెప్పినది. గడువుల యాజమాన్యము ఏజెంటుదే యను సిద్ధాంతమునకు ఆ వృత్తివారు ఆ తీర్పునే ఆధారముగా చూపుదురు. నా దృష్టిలో ఈ కథయంతటిలో ఇంతకంటె ముఖ్యమైన ఘట్టము లేదు. కంపెనీ నియామకమును ఉపసంహరింపవచ్చును, ఖాతాదారుని ఉపసంహరింపజాలదు. ఏజెంటు అదే పుస్తకమును చంకబెట్టుకొని మరియొక కంపెనీ నియామకము తెచ్చుకొని, గడువు తీరిన పాలసీలను అచ్చట వ్రాయవచ్చును. అప్పటినుండి ఏజెన్సీ యనునది అమ్మదగిన, కొనదగిన, బిడ్డలకు విడిచిపోదగిన ఆస్తి యయ్యెను.

నియామకమును శిక్షగా ప్రయోగించుటయు మానలేదు. దక్షిణ రాష్ట్రములలో దాదాపు రెండు వందల కంపెనీలు ఒక కూటమిగా చేరి, ధరలను, ఏజెంట్ల కమిషనును తామే నిర్ణయించి, కూటమిలో లేని కంపెనీ పాలసీని సొరుగులో పెట్టుకొన్న ఏజెంటునకు తమ నియామకములన్నియు ఒక్కసారిగా తీసివేసెడివని ప్రభుత్వము అభియోగము తెచ్చినది. 1944లో ఆ వ్యాజ్యముపై అత్యున్నత న్యాయస్థానము, పాల్ నాటి తీర్పును త్రోసిరాజని, బీమాయు వాణిజ్యమే, అట్టి కూటములు శిక్షార్హములే యని చెప్పినది. మరుసటి యేటనే కేంద్ర శాసనసభ చట్టము చేసి, పర్యవేక్షణాధికారమును మరల రాష్ట్రములకే అప్పగించినది. డెబ్బది యైదేండ్లకు పాల్ గెలిచినట్లే గెలిచి, ఏడాదిలో మరల ఓడెనని చెప్పవచ్చును.

ఇంతలో మోటారు కారు వచ్చి ఈ వృత్తికి క్రొత్త పోటీ తెచ్చినది. 1922లో ఇల్లినాయ్ రైతు జార్జి మెషర్ల్ స్థాపించిన స్టేట్ ఫార్మ్, 1931లో సియర్స్ వర్తక సంస్థ పెట్టిన ఆల్‌స్టేట్, పలు కంపెనీల ఏజెంటు మనకు వలదు, మన పాలసీ మన మనిషియే అమ్మవలెనని వేరు త్రోవ త్రొక్కినవి. కారు బీమాకు పది కంపెనీలు పంచుకొనవలసినంత పూచీ లేదు గనుక ఆ త్రోవ బాగుగనే సాగినది. సామాన్య గృహస్థుల కారు, ఇల్లు చాలవరకు అటు పోగా, వర్తకులు, కర్మాగారములు, లారీల యజమానులు ఎక్కువగా స్వతంత్ర ఏజెన్సీల కడనే నిలిచిరి. గిడ్డంగి కథ అచ్చట నేటికిని సత్యమే.

నేడు క్రొత్తగా ఏజెన్సీ తెరచినవానికి నియామకము దొరకుట ఆ పాత రైలు దినములకంటె సులభము కాదు. కంపెనీ ప్రతినిధి నేటికిని వచ్చి విచారించును. కాని బ్యాంకు గుమాస్తా మాటకు బదులుగా, ఏటికి ఎంత ప్రీమియము తేగలవు, నీ ఖాతాలలో నష్టముల నిష్పత్తి ఎంత, ఏ తరగతి వ్యాపారము తెత్తువు, పొరపాట్లకు పూచీ బీమా నీకున్నదా అని అడుగును. తొలి యేట చూపుటకు ఖాతాలు లేనివానికి నియామకము లేదు. నియామకము లేనివానికి ఖాతాలు రావు. ఈ చిక్కు ముడి విప్పుకొనుటకు 1980లనుండి చిన్న ఏజెన్సీలు కూటములుగా చేరి, అందరి ప్రీమియమును ఒక్కటిగా చూపి కంపెనీల గడప త్రొక్కుట ప్రబలినది. కొందరు టోకు మధ్యవర్తుల ద్వారా మొదలిడి, ఖాతాలు పెరిగిన తరువాత నేరు నియామకమునకు పోదురు. నియామకము దొరకిన తరువాత, ఒప్పందము వ్రాసికొన్న 15 దినములలో కంపెనీ దానిని రాష్ట్ర బీమా శాఖకు తెలియజేయవలెనని చాల రాష్ట్రములు అనుసరించు ఆదర్శ చట్టము చెప్పుచున్నది. పీటర్స్‌బర్గు ఏజెంటు జుల్మానా కట్టిన మార్గముననే ఆ కాగితము నేటికిని నడచుచున్నది.

మనదేశపు త్రోవ వేరుగా పోయినది. 1925లో పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిన నాడు, మన కంపెనీలకును ఊరూర ఏజెంట్లే కాళ్ళు చేతులు. 1938 బీమా చట్టము ఏజెంటునకు లైసెన్సును, కమిషనునకు హద్దును విధించినది. ఏజెంట్లపై పెద్ద ఏజెంట్లుగా నుండి అదనపు కమిషను తీసికొనుచుండిన ప్రధాన ఏజెన్సీలను 1950 సవరణ రద్దుచేసినది. 1956లో 245 సంస్థల జీవిత బీమా వ్యాపారము జాతీయమై, సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ ఏర్పడగా, ఏజెంటునకు ఆ రంగమున నియామకము నిచ్చునది ఒక్కటే యయ్యెను. అయినను మన చట్టమున 44వ విభాగము ఒకటి యుండెడిది: తగినన్ని యేండ్లు సేవచేసిన ఏజెంటు పని విడిచినను, ఆతడు మరణించినను, పాత పాలసీలపై రావలసిన కమిషను ఆతనికి, ఆతని వారసులకు చెల్లుచుండవలెనని ఆ విభాగము ఏర్పరచినది. మన ఏజెంటు కష్టమునకు చట్టము ఫలమును వారసత్వముగా నిచ్చినది. అమెరికా న్యాయస్థానము చెట్టునే యిచ్చినది. రెంటిలో ఏది మేలన్నచో, కుటుంబమునకు నిశ్చింత మనది, వృత్తికి గౌరవము వారిది యని నా యభిప్రాయము.

అమెరికాలో స్థిరపడి ఈ వృత్తిలోనికి దిగదలచు మన తెలుగు యువకులకు ఒక మాట. కంపెనీ ప్రతినిధి నియామకపు ఒప్పందము ముందుంచినప్పుడు, కమిషను శాతము వ్రాసిన పుట తరువాత చదువవచ్చును. ఒప్పందము ముగిసిన నాడు గడువులు ఎవరివో చెప్పు వాక్యమును ముందుగా వెదకి చదువుడు. అది మీ పక్షమున లేనిచో సంతకము చేయకుడు.